పిల్లల గూఢచారి ఆట: కనబడని సిరా, తెలుగు కోడ్ చక్రం, మారువేషాలు – ఏవి నిజంగా పనిచేస్తాయి?

గోరింటాకు అడిగారు:

సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ పిల్లలకి వారం రోజుల ‘గూఢచారుల బడి’ పెడదామని నలుగురం అనుకున్నాం. పిల్లలు పన్నెండు మంది, ఆరేళ్ల నుంచి పదకొండేళ్ల దాకా. రోజూ సాయంత్రం గంటన్నర. క్లబ్ హౌస్ గది, దాని ముందు వరండా ఉన్నాయి. ఖర్చు మొత్తం 1500 రూపాయల్లోపు తేలాలి. రెడీమేడ్ కిట్లు వద్దు. వాటిలో ప్లాస్టిక్ భూతద్దం, నల్ల కళ్లజోడు తప్ప పిల్లలు చేత్తో చేసేది ఏమీ ఉండదు.

అనుకున్నవి: కనబడని సిరా, రహస్య లిపి, పెరిస్కోప్, వేలిముద్రలు, ఆఖరి రోజు మారువేషాలు. నా సందేహాలు: నిమ్మరసంతో రాసి బల్బు దగ్గర పెడితే అక్షరాలు తేలతాయంటారు, అరగంట పెట్టినా ఏమీ రాలేదు, ఎందుకు? కోడ్ చక్రాలు ఇంగ్లీషు అక్షరాలకి బోలెడు దొరుకుతున్నాయి, గుణింతాలూ ఒత్తులూ ఉన్న మన లిపికి చక్రం కుదురుతుందా? మీసాలు, గడ్డాలు దేంతో అంటించాలి? ఇద్దరు పిల్లలకి చర్మం బాగా సున్నితం. పెరిస్కోప్‌కి అద్దాలు ఎంత సైజు కోయించాలి? కొలతలతో సహా చెబితే మేలు.

నిమ్మచెట్టు_మాస్టారు:

గోరింటాకు గారూ, మీరు వాడింది ఎల్ఈడీ బల్బు అయ్యుంటుంది. దానికి వెలుగే తప్ప కాగితాన్ని కాల్చేంత వేడి ఉండదు. పుస్తకాల్లో రాసిన బల్బు పాతకాలపు ఫిలమెంట్ బల్బు. ఇప్పుడు దాని పని ఇస్త్రీపెట్టె చేస్తుంది. కొవ్వొత్తి, స్టవ్ మంట జోలికి మాత్రం పోవద్దు, కాగితం ఎప్పుడు అంటుకుంటుందో తెలియదు.

ఒక నిమ్మకాయ రసం వడకట్టి, నాలుగైదు చుక్కల నీళ్లు కలపండి. ఇయర్ బడ్‌తోగాని, మొద్దుగా చెక్కిన అగ్గిపుల్లతోగాని రాయించండి. ములుకు పదునుగా ఉంటే కాగితం గీసుకుపోయి, వాలుగా పట్టుకుంటే గీతలు కనబడిపోతాయి. రసం ఎక్కువ ముంచినా అంతే, కాగితం ముడతలు పడి గుట్టు రట్టవుతుంది. నోట్‌బుక్ కాగితం పలచన, ప్రింటర్ కాగితం నయం. పావుగంట ఆరనివ్వండి. తడి ఉండగా ఇస్త్రీ పెడితే రసం చుట్టూ పాకి, అక్షరం బదులు మరక వస్తుంది.

ఇస్త్రీపెట్టె కాటన్ మీద పెట్టి, ఆవిరి ఆపేసి, కింద పాత దుప్పటి పరిచి, ఒక్కోసారి ఐదు నుంచి పది సెకన్లు అదమండి. మధ్యమధ్య ఎత్తి చూడండి. ముందు లేత గోధుమ రంగు, తర్వాత ముదురు. నిమ్మరసంలో ఉన్న పదార్థాలు కాగితం కంటే ముందే మాడతాయి, కిటుకంతా అదే. అందుకే పాలు, ఉల్లిరసం, పంచదార నీళ్లు కూడా పనిచేస్తాయి. ఉల్లిరసం వాసనే పట్టిస్తుంది. ఇస్త్రీపెట్టె పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, పిల్లలు మీటరు దూరంలో నిలబడాలి.

ఇది ఉత్త పిల్లల ఆట కాదని వాళ్లకి చెప్పండి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, లండన్‌లో పట్టుబడిన కార్ల్ ముల్లర్ అనే జర్మన్ గూఢచారి మీద పెట్టిన సాక్ష్యాల్లో ఒక నిమ్మకాయ కూడా ఉంది.

వేడి అక్కర్లేని పద్ధతి కావాలంటే పసుపు. ఒక టీస్పూను వంటసోడా రెండు టేబుల్ స్పూన్ల నీళ్లలో కరిగించి, దాంతో తెల్ల కాగితం మీద రాయాలి. ఆరాక పైన తెల్లటి పొడి తేలితే వేలితో మెల్లగా దులిపేయండి. చదవడానికి, ఒక టీస్పూను పసుపు నాలుగు టీస్పూన్ల సర్జికల్ స్పిరిట్‌లో కలిపి, పైన తేరిన పసుపు ద్రవాన్ని బ్రష్‌తో పూయాలి. కాగితమంతా పసుపు, రాసినచోట ఎర్ర గోధుమ. కూర మరక పడ్డ చొక్కాని సబ్బుతో రుద్దితే ఎర్రబడుతుంది చూడండి, అదే ఇది. పారాణి ఎరుపూ అదే. అక్కడ సోడా బదులు సున్నం.

స్పిరిట్ ఎందుకంటే, పసుపులోని రంగు నీళ్లలో సరిగా కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. వంటసోడా స్పిరిట్‌లో కరగదు కాబట్టి అక్షరాల అంచులు చెదరవు. నీళ్లలో కలిపిన పసుపు పూస్తే అక్షరం అలుక్కుపోతుంది. ఇంకో పొరపాటు, వంటసోడా అనుకుని బేకింగ్ పౌడర్ తెచ్చుకోవడం. అందులో ఆమ్లం కూడా కలిపి ఉంటుంది, నీళ్లు తగలగానే బుసబుసమని పొంగి, సోడా గుణం పోతుంది. ఎరుపు రాదు. సున్నంతో ఎరుపు ఇంకా బాగా వస్తుందిగానీ పిల్లల చేతికి ఇవ్వకండి, కంట్లో పడితే ప్రమాదం. స్పిరిట్ మండేది, కాబట్టి నిమ్మరసం రోజు వేరు, పసుపు రోజు వేరు పెట్టుకోండి. ఇస్త్రీపెట్టె, స్పిరిట్ సీసా ఒకే బల్ల మీద ఉండకూడదు.

ఆరేడేళ్ల వాళ్లకి ఇవేవీ వద్దు. తెల్ల కొవ్వొత్తితో గట్టిగా అదిమి రాసి, పైన నీళ్ల రంగు పూస్తే చాలు. మైనం ఉన్నచోట రంగు పట్టదు. రంగు చిక్కగా ఉంటే మైనాన్నీ కప్పేస్తుంది, పలచగా కలపండి.

బీకరు_బిందె:

మాస్టారు చెప్పినవాటికి ఇంకొకటి కలుపుతాను, పిల్లలు నోరెళ్లబెట్టేది ఇదే. గంజి, అయోడిన్.

ఇప్పుడు ఎవరూ గంజి వార్చడం లేదు కాబట్టి, ఒక టీస్పూను బియ్యప్పిండి పావు కప్పు నీళ్లలో కలిపి ఉడికించి చల్లార్చండి. దాంతో రాసి ఆరబెట్టాలి. పావు కప్పు నీళ్లలో పది చుక్కల పోవిడోన్ అయోడిన్ (మందుల షాపులో బెటాడిన్ అని అడిగితే ఇస్తారు) కలిపి, దూదితో అద్దండి. నీలి నలుపు అక్షరాలు క్షణంలో తేలతాయి.

చాలామందికి చెడేది కాగితం దగ్గర. ప్రింటర్ కాగితం గట్టిగా ఉండాలని తయారీలోనే గంజి పట్టిస్తారు. దాని మీద అయోడిన్ పూస్తే పేజీ మొత్తం నీలమవుతుంది, మీ రాత అందులో కలిసిపోతుంది. న్యూస్‌పేపర్ తెల్ల అంచులు, టిష్యూ, వడపోత కాగితం వాడండి. ముందు మూలన ఒక చుక్క వేసి చూడండి. అక్కడ లేత గోధుమ రంగే ఉంటే పనికొస్తుంది, నీలమైతే పక్కన పెట్టేయండి.

తేలిన నీలి అక్షరాల మీద నిమ్మరసం అద్దితే అవి మళ్లీ మాయమైపోతాయి. నిమ్మలోని విటమిన్ సి అయోడిన్ రంగుని విరిచేస్తుంది. ‘చదివిన వెంటనే ఉత్తరం నాశనం చెయ్యి’ అనే ఆదేశం ఇచ్చి, నిమ్మ చెక్క చేతిలో పెట్టండి. అయోడిన్ బట్టలకి అంటితే సులువుగా పోదు, పాత చొక్కాలు తొడగండి. అయోడిన్ పడని పిల్లలున్నారేమో వాళ్ల అమ్మానాన్నల్ని ముందే అడగండి.

గోరింటాకు:

ఎల్ఈడీ సంగతి తట్టనే లేదు మాస్టారూ! గంజి ప్రయోగం తప్పకుండా పెడతాను. లిపి సంగతి ఎవరైనా చెప్పండి. పిల్లల్లో సగం మందికి తెలుగు చదవడం అంతంత మాత్రం, ఆ వంకన కాస్త తెలుగు కూడా వస్తుందని ఆశ.

వట్రుసుడి (డాలస్):

ఇక్కడ శనివారం తెలుగు తరగతుల్లో వాడే పద్ధతి ఇది. మన లిపికి చక్రం బాగానే కుదురుతుంది. మొత్తం అక్షరమాలనీ గుణింతాలతో సహా చక్రం మీద ఎక్కించబోతేనే చిక్కు. హల్లుల్ని మాత్రమే తిప్పాలి. గుణింతపు గుర్తులు, సున్నా, మాట మొదట్లో వచ్చే అచ్చులు ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి. అంటే తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము ఏవీ కదలవు, వాటి కింది అక్షరం మాత్రం మారుతుంది.

ఎక్కువగా వాడే 24 హల్లులు చాలు:

క గ చ జ ట డ ణ త ద ధ న ప బ భ మ య ర ల వ శ ష స హ ళ

24 ఎందుకంటే వృత్తంలో ఒక్కో గడికి సరిగ్గా 15 డిగ్రీలు వస్తుంది. కోణమానిని లేకపోయినా ఫర్వాలేదు. గుండ్రటి కాగితాన్ని మూడుసార్లు మడిస్తే ఎనిమిది భాగాలు, ఒక్కో భాగాన్ని కంటి అంచనాతో మూడు చేస్తే 24. ఖ, ఛ, థ, ఫ లాంటివి వస్తే మార్చకుండా రాసేయడమే.

పెద్ద చక్రం వ్యాసార్థం 8 సెం.మీ., చిన్నది 6 సెం.మీ. రెండూ పెళ్లి శుభలేఖ మందం ఉన్న అట్టతో కోయండి. రెండింటి మీదా ఒకే వరసలో, గడియారం తిరిగే దిక్కులో అక్షరాలు. పెద్ద చక్రం మీద అసలు అక్షరం, చిన్న చక్రం మీద మారు అక్షరం. నడుమ చిల్లు వృత్తలేఖిని ముల్లు దిగినచోటే పడాలి. రెండు మిల్లీమీటర్లు జరిగినా ఒకవైపు అక్షరాలు ఎదురెదురుగా నిలిచి, రెండోవైపు గీతల మధ్యకి పోతాయి. టిచ్ బటన్ బిగిస్తే చక్రం తేలిగ్గా తిరుగుతుంది. దొరక్కపోతే ముందూ వెనకా చెరో చొక్కా గుండీ పెట్టి దారంతో కుట్టండి.

తాళంచెవి అంటే ‘క ఎదురుగా ఏది’ అన్నదే. క ఎదురుగా జ పెట్టారనుకోండి, ప్రతి అక్షరం మూడు గళ్లు జరుగుతుంది. అప్పుడు ‘తాళం’ కాస్తా ‘నాచం’ అవుతుంది. ‘మేడ మీద’ అంటే ‘లేద లీప’. ఒత్తులకీ అదే సూత్రం, ఒత్తు కూడా దాని హల్లు ప్రకారమే మారుతుంది. ‘బియ్యం డబ్బా కింద’ రాస్తే ‘యివ్వం దయ్యా జింప’ వస్తుంది, దీనికి పిల్లలు పడీపడీ నవ్వుతారు. వేరే ఒత్తు ఉన్న మాటలు మాత్రం నోరు తిరగనివి వస్తాయి, ‘చక్రం’ పెడితే ‘డజ్శం’. చిన్నపిల్లలకి ఇచ్చే సందేశాల్లో అలాంటివి పెట్టకండి. అక్షరం రాయడం దగ్గరే ఆగిపోతారు.

మూడు గళ్లు జరపడమనేది రోమన్ల జూలియస్ సీజర్ వాడిన పద్ధతే, అక్షరాలు మాత్రం మనవి.

పెద్దపిల్లలకి కోడ్ విప్పే పని ఇవ్వాలంటే తాళంచెవి చెప్పకుండా నాలుగైదు వాక్యాలు ఇవ్వండి. మన భాష బలహీనత మాటల చివర ఉంటుంది. ‘లు’ పదేపదే వస్తుంది కదా, ఈ తాళంచెవితో అది ‘షు’ అవుతుంది. చాలా మాటలు ‘షు’తో ముగుస్తున్నాయని ఒక్కరు కనిపెడితే చాలు, చిన్న చక్రంలోని ష ని పెద్ద చక్రంలోని ల కింద నిలబెడితే మిగతాదంతా విడిపోతుంది. పదేళ్ల పిల్లలు చేయగలరు. సందేశంలో ‘పుస్తకాలు, పూలు, మెట్లు’ లాంటి బహువచనాలు నాలుగైనా ఉండేలా మీరే రాయాలి. లేకపోతే పట్టు దొరకదు.

చదవడం ఇంకా రాని వాళ్లకి క భాష నేర్పండి, మీ అమ్మమ్మలకి వచ్చే ఉంటుంది. ప్రతి అక్షరం ముందూ ‘క’ చేర్చడమే. ‘నేను వచ్చాను’ అంటే ‘కనేకను కవకచ్చాకను’. వేగం వచ్చేదాకా తప్పుతుంది, వచ్చాక ఆపడం కష్టం.

పటిక_రంగు:

మేకప్ గురించి నేను చెబుతా. నాటకాలకి రంగు వేసే పని మాది, అందుకే ముందు వద్దన్నవి చెబుతా. ఫెవికాల్, ఫెవిక్విక్, గోధుమపిండి జిగురు, ఏదీ ముఖానికి వద్దు. నాటకాల వాళ్లం వాడే స్పిరిట్ గమ్ పెద్దవాళ్ల చర్మానికే మంట పుట్టిస్తుంది, పిల్లలకి అసలే వద్దు. మీ పన్నెండు మందికీ జిగురే లేకుండా చేయొచ్చు.

మీసానికి కాటుక పెన్సిల్. ముందు కొద్దిగా మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగి చూడండి, దద్దుర్లు రాకపోతేనే ముఖానికి. గీసేముందు పై పెదవి మీద పలచగా పౌడర్ అద్దితే చెమటకి కారదు. ఒక్క దిట్టమైన గీత గీయకుండా వెంట్రుకల్లా పొట్టి గీతలు, మధ్య నుంచి బయటికి గీస్తే దూరం నుంచి నిజమైన మీసంలా ఉంటుంది. తీసేటప్పుడు కొబ్బరినూనె దూదితో తుడిచి, తర్వాత సబ్బు. సబ్బుతోనే మొదలుపెడితే నల్లదనం ముఖమంతా పాకుతుంది. చర్మం సున్నితమైన ఆ ఇద్దరికీ ఐస్‌క్రీం పుల్లకి నల్ల చార్ట్ మీసం అంటించి చేతికివ్వండి, కావాల్సినప్పుడు పెదవి దగ్గర పట్టుకుంటారు.

గడ్డానికి పురికొస. పిల్లవాడి ఒక చెవి దగ్గర్నుంచి గడ్డం కిందుగా రెండో చెవి దాకా కొలవండి, దానికి రెండు సెంటీమీటర్లు తక్కువగా వెడల్పాటి ఎలాస్టిక్ కోయండి. రెండు చివరలా పాత మాస్కుల చెవి దారాలు కుట్టండి. పురికొసని 12 సెంటీమీటర్ల ముక్కలు 40 దాకా కోసి, ఒక్కో ముక్కని సగానికి మడిచి, మడత కొసని ఎలాస్టిక్ వెనక నుంచి పైకి తెచ్చి, అందులోంచి రెండు కొసలూ లాగి బిగించాలి. ముడులన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండాలి, సందుంటే ఎలాస్టిక్ తెల్లగా కనబడుతుంది. అన్నీ కట్టాకే పురి విప్పి దువ్వెనతో దువ్వండి. ముందే విప్పితే పీచు ముడికి నిలవదు. జనపనార గరుకు కదా, ఎలాస్టిక్ లోపలివైపు పాత బనియన్ గుడ్డ పట్టీ కుట్టకపోతే ఐదు నిమిషాల్లో గోకడం మొదలుపెడతారు. ముసలి గడ్డానికి ఆ రంగే బాగుంటుంది. నల్లది కావాలంటే ఉన్ని దారం వాడండి, దువ్వడం ఉండదు. చెవులకే తగిలించాలి, మెడ చుట్టూ కట్టేవి ఏవీ వద్దు.

తెల్లజుట్టుకి టాల్కం పౌడర్ చల్లుతారు చాలామంది. పిల్లలు పీల్చేస్తారు, కళ్లలో పడుతుంది. పాత టోపీ అంచుకి దూది పాయలు కుట్టండి.

అసలు కిటుకు ముఖంలో లేదండీ. తెలిసినవాళ్లని మనం దూరం నుంచి గుర్తుపట్టేది నడకతో, భుజాలతో, తల ఆకారంతో. అందుకని ఒక చెప్పులో మడమ కింద నాలుగు మడతల అట్ట పెట్టండి, నడక దానంతట అదే మారిపోతుంది. గులకరాయి పెట్టమంటారు కొందరు, కాలు బొబ్బలెక్కుతుంది, వద్దు. వీపు మీద చిన్న దిండు పెట్టి పెద్ద చొక్కా తొడిగితే వయసు పెరుగుతుంది. తలపాగా చుడితే తల ఆకారమే మారుతుంది. ఈ మూడూ చేశాక మీసం లేకపోయినా నడుస్తుంది.

పెట్టెలో ఇవి ఉంటే పన్నెండు మందికీ వేషాలు తేలతాయి: నాన్నల పాత చొక్కాలు, రెండు లుంగీలు, నాలుగు తువ్వాళ్లు, ఒక పంచె, ఒక పాత చీర, అద్దాలు తీసేసిన కళ్లజోళ్లు, గుడ్డ సంచులు, రెండు గొడుగులు. చొక్కా బయటివైపు ఒక రంగు, తిరగేస్తే ఇంకో రంగు కనబడేలా లోపల గుడ్డ కుట్టి ఇస్తే తలుపు చాటుకి వెళ్లి ఒక్క నిమిషంలో వేరే మనిషై వస్తారు. లుంగీ, పంచె మడమ దాకా వదలకండి, మోకాలి కిందికి ఎగగట్టి పిన్నీసు పెట్టండి. పరిగెత్తి బోర్లా పడేది అక్కడే. కళ్లని కప్పే మాస్కులు కూడా అంతే, పక్కచూపు పోతుంది.

ఏ వేషాలు అని అడుగుతారేమో, కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే జాబితా ఉంది: గృహపతికుడు (రైతు వేషం), వైదేహకుడు (వర్తకుడు), తాపసుడు (సన్యాసి), భిక్షుకి (సన్యాసిని). రెండు వేల ఏళ్ల నాటి వేగులకి ఇవే వేషాలు, ఎందుకంటే వీళ్లు ఏ ఊరు వెళ్లినా ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. ఇప్పటికి పాలవాళ్లు, కొరియర్ వాళ్లు, కరెంటు మీటరు చూసేవాళ్లు. వికలాంగుల్ని, బిచ్చగాళ్లని, ఏ కులాన్నైనా వెక్కిరించే వేషం మాత్రం వేయనివ్వకండి. పోలీసు వేషంతో గేటు దాటి బయటికి పంపొద్దు. వాచ్‌మన్‌కి కూడా ముందే చెప్పి ఉంచండి.

వేషం వేశాక ఒక చీటీ ఇవ్వండి: పేరు, ఊరు, పని, ఇక్కడికి ఎందుకొచ్చాడు. మిగతావాళ్లు మూడు నిమిషాలు ప్రశ్నలు వేస్తారు. చీటీలో లేనిదాన్ని అడిగితే తడబడకుండా కల్పించాలి, ముందు చెప్పినదానికి అడ్డం పడకూడదు. బట్టల కంటే ఈ ఆటకే ఎక్కువసేపు కూర్చుంటారు.

గోరింటాకు:

మడమ కింద అట్ట ఇప్పుడే వేసి చూశాను, నిజంగానే నడక మారింది! గడ్డాలకి ఎంత పురికొస కొనాలో లెక్క కట్టాను, ఒక్కోదానికి ఐదు మీటర్లు. అందరికీ గడ్డాలు అక్కర్లేదు కాబట్టి సరిపోతుంది. పెరిస్కోప్ మిగిలింది.

రంపప్పొట్టు (కరీంనగర్):

పెరిస్కోప్ మంచిగ రావాలంటే లెక్క ఒక్కటే, రెండు అద్దాలూ 45 డిగ్రీల వాలులో, ఒకదానికొకటి సమాంతరంగ ఉండాలె. గొట్టం లోపలికి చెయ్యి పెట్టి అద్దం అంటించుడు పిల్లలతోని కాదు. గొట్టానికి చీలికలు కోసి బయటి నుంచి అద్దం దూర్చుడు పెట్టుకోండ్రి.

25.5 సెం.మీ. వెడల్పు, 42 సెం.మీ. పొడుగు అట్ట. ఆరేసి సెంటీమీటర్లకు నాలుగు భాగాలు గీస్తే చివర ఒకటిన్నర అంటించే మడతకు మిగులుతది. గీతల మీద మొద్దు కత్తెర మొనతోని గీరి మడిస్తే మూలలు నిక్కచ్చిగ వస్తయి. ఎడమ నుంచి ఒకటోది ముందు గోడ, రెండోది పక్క, మూడోది వెనుక, నాలుగోది ఇంకో పక్క. ముందు గోడకు పైన 5 × 5 కిటికీ, వెనుక గోడకు కింద 5 × 5 కిటికీ.

పక్క గోడలు రెండింటికీ పైన 6 × 6 చదరం, కింద 6 × 6 చదరం గీసి, ఒక్కోదాంట్ల కర్ణం గీయండ్రి. ఆగమయ్యేది ఇక్కడనే. కర్ణం ముందు గోడ వైపు పై మూల నుంచి వెనుక గోడ వైపు కింది మూలకు పోవాలె, నాలుగు చదరాల్లోనూ అంతే. అట్ట పరిచి ఉన్నప్పుడు రెండో గోడ మీద ఎడమ పైనుంచి కుడి కిందికి, నాలుగో గోడ మీద కుడి పైనుంచి ఎడమ కిందికి కనబడతది, అంటే ఎదురెదురు. రెండు గోడలకూ ఒక్కతీరుగ కోస్తే మడిచినంక చీలికలు కలవవు, అద్దం దూరదు.

కర్ణం పొడుగు దాదాపు 8.5 సెం.మీ., చీలిక 7.5 మాత్రమే కోయండ్రి. రెండు దిక్కులా అర సెంటీమీటరు వదలకపోతే మూల చినిగి గొట్టం వంకర పోతది. అద్దం ముక్క 7 × 7.3 సెం.మీ. 7.3 వైపు చీలిక వెంట, 7 వైపు గొట్టం అడ్డంగ. అటు ఇటు అర సెంటీమీటరు బయటికి వస్తది, అక్కడ టేప్ వేస్తే కదలదు. పై అద్దం ముఖం కిందికి, కింది అద్దం ముఖం పైకి ఉండాలె.

ఫొటో ఫ్రేముల దుకాణంల కోసి ఇస్తరు, అంచులు నూరి ఇయ్యమని చెప్పండ్రి. గాజు వద్దనుకుంటే అక్రిలిక్ మిర్రర్ షీట్ తీసుకోవచ్చు, పలచటిది వంగి బొమ్మ సాగిపోతది కాబట్టి 2 మి.మీ. మందం అడగండ్రి. పైన ఉన్న రక్షణ పొర ఊడదీయకుండ పెట్టి, ఏం కనిపిస్తలేదని అనేటోళ్లు మస్తు మంది.

లోపల నల్ల కాగితం ముందే అంటిస్తే మెరుపు తగ్గి బొమ్మ తేటగ ఉంటది. బొమ్మ వాలి కనబడితే అద్దాలు సమాంతరంగ లేనట్టు, కింది అద్దాన్ని కొంచెం కదపండ్రి. గొట్టం ఎంత పొడుగైతే కనబడే జాగ అంత ఇరుకైతది, మీటరు పొడుగు చేద్దామని పిల్లలు అడుగుతరు, ఒప్పుకోకండ్రి. ఒక్క జాగ్రత్త, దీనితోని సూర్యుని దిక్కు చూడొద్దు. అద్దం వెలుగును తగ్గియ్యదు.

చక్రాల_సుడి:

వేలిముద్రలకి పెన్సిల్ పొడి చాలు. 2బి గాని అంతకంటే మెత్తది గాని తీసుకుని ఉప్పుకాగితం మీద రుద్దితే నల్లటి పొడి వస్తుంది. మెత్తటి మేకప్ బ్రష్‌కి కొద్దిగా అద్దుకుని గాజు గ్లాసు మీద తాకీతాకనట్టు తిప్పాలి. గట్టిగా తుడిస్తే ముద్రే పోతుంది. సెల్లో టేపు అంటించి, ఒక్క ఊపున లాగి తెల్ల కాగితం మీద అతికించండి. స్టీలు గ్లాసు మీద పొడి కంటికి ఆనదు, టేపుతో ఎత్తాకే కనబడుతుంది. నల్లటి వస్తువుల మీద ముఖానికి రాసుకునే పౌడర్, నల్ల కాగితం.

ముద్రలు పడటం లేదంటే అప్పుడే చేతులు కడుక్కుని వచ్చి ఉంటారు. నుదురు, ముక్కు పక్కన వేలు రాసుకుని పట్టుకోమనండి, ఆ జిడ్డే ముద్ర. మరీ జిడ్డైతే గీతలు పూడుకుపోయి మచ్చలా వస్తుంది.

పోల్చడానికి ముందే అందరి పది వేళ్ల ముద్రలు తీసి కార్డులు రాసిపెట్టండి. మూడు రకాలు నేర్పితే చాలు: లూపు, సుడి, విల్లు. చేతిలో శంఖాలెన్ని, చక్రాలెన్ని అని పెద్దవాళ్లు చూస్తారు కదా, చక్రం అంటే ఈ సుడే. లూపులే ఎక్కువమందికి ఉంటాయి, విల్లు అరుదు. కాబట్టి ‘దొంగ’గా విల్లు ఉన్న పిల్లనో పిల్లాడినో ఎంచితే మొదటి రౌండ్ తేలిగ్గా తేలుతుంది, లూపు ఉన్నవాళ్లని ఎంచితే గీతలు లెక్కపెట్టాల్సి వస్తుంది. ప్రపంచంలో తొలి వేలిముద్రల బ్యూరో 1897లో మన కలకత్తాలోనే మొదలైంది. వేలిముద్రల్ని వర్గాలుగా విడదీసే పద్ధతిలో అక్కడి అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల పని చాలా ఉంది, పేరు మాత్రం వాళ్ల అధికారి హెన్రీది పడింది. ఆట అయ్యాక ఆ కార్డులు ఎవరివి వాళ్లకి ఇచ్చేయండి, గ్రూపులో ఫొటోలు పెట్టకండి.

గోరింటాకు:

ఒక్కటే మిగిలింది. ఆఖరి రోజు వరండాలో ఎర్ర దారాలు కట్టి ‘లేజర్’ల మధ్యనుంచి దాటించాలని పిల్లల పట్టు. తగులుకుని పడతారేమోనని భయం.

మువ్వలపట్టీ:

ఎర్ర ఉన్ని దారం, మాస్కింగ్ టేప్, పాత పట్టీల మువ్వలు. దారాన్ని కిటికీ ఊచలకి ముడేయకుండా రెండు వైపులా టేపుతోనే అంటించండి, కాలు తగిలితే దారం ఊడి రావాలి, పిల్ల పడకూడదు. సెల్లో టేపు గోడ సున్నాన్ని ఊడదీస్తుంది, గట్టిగా పట్టేస్తుంది కూడా. ఎత్తు నేల నుంచి 20 సెం.మీ.కి తగ్గకుండా, 60 దాటకుండా. మెడ ఎత్తులో ఒక్కటి కూడా వద్దు. చిన్నవాళ్లకి ఎనిమిది దారాలు, పెద్దవాళ్లకి పదిహేను. దారం నడుమ ఒక్కో మువ్వ కట్టండి, తగిలితే అదే పట్టిస్తుంది, ఎవరు తగిలారని గొడవ ఉండదు. దారం బిగుతుగా ఉంటేనే మువ్వ మోగుతుంది, వేలాడితే మోగదు.

ఒక్కొక్కరే దాటాలి, చెప్పులు విప్పి. తడి నేల మీద పెట్టకండి. సాయంత్రం వెలుగు తగ్గేసరికి ఎర్ర దారం కంటికి ఆనదు కాబట్టి ఆరు లోపు ముగించండి, లేదా లైటు వేయండి. లుంగీ వేషాలున్నవాళ్లు అది మార్చుకున్నాకే దాటాలి.